కొరడా పాలన, నీతి పాలన: ప్రాచీన చైనా తత్వాలు తొలి సామ్రాజ్యాలను ఎలా నడిపాయి

చైనాను మొట్టమొదట ఒకే పాలన కిందికి తెచ్చింది చిన్ వంశం. అది సామ్రాజ్యాన్ని ఏలింది క్రీ.పూ. 221 నుంచి 206 దాకా, పట్టుమని పదిహేనేళ్లు. దాని తర్వాత వచ్చిన హాన్ వంశం మధ్యలో ఒక చిన్న అంతరాయం తప్ప దాదాపు 400 ఏళ్లు నిలబడింది. నేల అదే, జనం వాళ్లే. కచేరీల్లో అమలైన చట్టాలు కూడా చాలావరకు అవే. మరి ఒకటి అంత తొందరగా కూలిపోయి, రెండోది అన్నేళ్లు నిలవడానికి కారణమేంటి?

ఈ ప్రశ్నకు చైనా పండితులు రెండు వేల ఏళ్లుగా జవాబు వెతుకుతూనే ఉన్నారు. వాళ్ల చర్చంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. మనుషుల్ని భయపెట్టి పాలించాలా, లేక మంచి చెప్పి, మంచిగా నడిచి చూపించి పాలించాలా? ఒక్కో తత్వం ఒక్కో జవాబు చెప్పింది. చిన్, హాన్ చక్రవర్తులు ఆ జవాబుల్ని పుస్తకాలకే వదిలేయకుండా కోట్ల మంది జీవితాల మీద అమలు చేసి చూశారు.

యుద్ధాల కాలంలో పుట్టిన ఆలోచనలు

క్రీ.పూ. 11వ శతాబ్దంలో షాంగ్ వంశాన్ని కూలదోసి జౌ వంశం అధికారంలోకి వచ్చింది. తాము చేసింది తప్పు కాదని చెప్పుకోవడానికి జౌ రాజులు ఒక వాదన తెచ్చారు. పాలించే హక్కు ఆకాశం ఇస్తుంది, కానీ అది శాశ్వతం కాదు. రాజు జులుం చేస్తే ఆ హక్కు అతని చేతిలోంచి పోయి యోగ్యుడికి దక్కుతుంది. దీన్నే 'తియాన్ మింగ్' అన్నారు. ఆకాశం ఇచ్చిన ఆదేశం అని దాని అర్థం. తర్వాత వచ్చిన వంశాలు కూడా ఇదే మాట చెప్పుకున్నాయి.

క్రీ.పూ. 770 నుంచి జౌ రాజుల పట్టు సడలింది. సామంతులు ఎవరికి వారే రాజులయ్యారు. క్రీ.పూ. 5వ శతాబ్దం నుంచి 221 దాకా నడిచిన కాలాన్ని 'పోరాడే రాజ్యాల యుగం' అంటారు. పెద్ద రాజ్యాలు చిన్నవాటిని మింగేయగా చివరికి ఏడు ప్రధాన రాజ్యాలు మిగిలాయి. అంతకుముందు యుద్ధమంటే రథాలెక్కిన దొరల పని. ఇప్పుడు రైతులే సిపాయిలయ్యారు. రాజులకు శిస్తు కావాలి, సైన్యం కావాలి, జనాభా లెక్క కావాలి. దాంతో పుట్టుకతో హోదా వచ్చిన పెద్దల కంటే పని తెలిసినవాళ్లకు గిరాకీ పెరిగింది. చదువుకున్నవాళ్లు ఒక దర్బారు నుంచి ఇంకో దర్బారుకు తిరుగుతూ రాజులకు సలహాలు చెప్పేవాళ్లు.

ఎవరేం చెప్పారు?

లు రాజ్యంలో, అంటే ఇప్పటి షాన్‌డోంగ్ రాష్ట్రంలో పుట్టిన కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) పాత మర్యాదలు చెడిపోవడమే ఈ గొడవలన్నిటికీ మూలం అన్నాడు. సాటి మనిషి పట్ల దయ, పెద్దాచిన్నా మర్యాద, తల్లిదండ్రుల పట్ల భక్తి ఆయన చెప్పిన ముఖ్య గుణాలు. ఇంట్లో తండ్రికి విధేయుడైన కొడుకే బయట మంచి పౌరుడవుతాడు. రాజు సరిగ్గా నడిస్తే ప్రజలు ఆ దారినే నడుస్తారు. శిక్షలకు భయపడ్డవాడు తప్పించుకునే దారి వెతుకుతాడు తప్ప తప్పు చేసినందుకు సిగ్గుపడడు అన్నది ఆయన అభిప్రాయం. ఆయనకు బతికుండగా పెద్ద కొలువేదీ ఎక్కువ కాలం దక్కలేదు. ఆయన మాటల్ని శిష్య పరంపర 'లున్ యు' అనే గ్రంథంగా కూర్చింది.

క్రీ.పూ. 4వ శతాబ్దపు మెన్షియస్ ఇంకో అడుగు ముందుకేశాడు. రాజ్యంలో అన్నిటికంటే విలువైనది ప్రజలేనని, జులుం చేసే రాజును దించడం రాజద్రోహం కాదని వాదించాడు. మనిషి స్వభావం పుట్టుకతో మంచిదేనని ఆయన నమ్మకం. తర్వాతి శతాబ్దంలో షున్‌జి దీన్ని ఒప్పుకోలేదు. మనిషి స్వార్థంతోనే పుడతాడు, చదువు, క్రమశిక్షణ వల్లే బాగుపడతాడు అన్నాడు. షున్‌జి దగ్గర చదువుకున్న హాన్ ఫే, లి సి ఇద్దరూ చివరికి కన్ఫ్యూషియస్ దారికి పూర్తి వ్యతిరేకంగా వెళ్లారు.

మోజి మాట వేరు. సొంతవాళ్లని, పరాయివాళ్లని తేడా చూపించకుండా అందరినీ ప్రేమించాలని, ఇంకో రాజ్యం మీద దండెత్తడం పచ్చి దోపిడీ అని ఆయన అన్నాడు. ఊరికే మాటలు చెప్పి ఊరుకోలేదు. దాడికి గురయ్యే చిన్న పట్టణాలు కోటలు కాపాడుకోవడానికి ఆయన, ఆయన అనుచరులు సాయం చేసేవాళ్లు.

లావోజి, జువాంగ్‌జి పేర్లతో ముడిపడింది తావో మార్గం. ప్రకృతికి ఒక నడక ఉంది, దానికి ఎదురు పోవద్దు అంటుంది. పాలకుడు ఎంత ఎక్కువ జోక్యం చేసుకుంటే అన్ని చిక్కులు పెరుగుతాయి. దీన్నే 'వు వేయి' అన్నారు. చేతులు ముడుచుకుని కూర్చోమని కాదు, బలవంతం చేయొద్దని.

ఇక చివరిది ఫా జియా, అంటే చట్టవాదుల బాట. మనిషి లాభం కోరతాడు, నష్టానికి భయపడతాడు, అంతే అన్నారు వీళ్లు. కాబట్టి రాజు చేతిలో రెండు పగ్గాలు చాలు, ఒకటి బహుమతి, రెండోది శిక్ష. చట్టం రాసి ఉండాలి, అందరికీ తెలియాలి, దొరకూ కూలికీ ఒకేలా వర్తించాలి. వెయ్యేళ్లకోసారి పుట్టే మహాత్ముడి కోసం ఎదురుచూడకుండా, మామూలు రాజు కూడా నడపగలిగే ఏర్పాటు కావాలన్నది హాన్ ఫే వాదన. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. నేటి ప్రజాస్వామ్యంలో చట్టం పాలకుడిని కూడా కట్టేస్తుంది. చట్టవాదుల దృష్టిలో చట్టం రాజు చేతిలో పనిముట్టు మాత్రమే.

షాంగ్ యాంగ్ దూలం కథ

ఏడు రాజ్యాల్లో పశ్చిమాన ఉన్న చిన్ రాజ్యం వెనకబడిందని మిగతావాళ్లు చిన్నచూపు చూసేవాళ్లు. క్రీ.పూ. 361 ప్రాంతంలో షాంగ్ యాంగ్ అనే చట్టవాది అక్కడికి వచ్చి రాజు నమ్మకం సంపాదించాడు. కొత్త చట్టాలు ప్రకటించే ముందు అతను చేసిన పనిని హాన్ కాలపు చరిత్రకారుడు సిమా చియాన్ రాసిపెట్టాడు. రాజధాని దక్షిణ ద్వారం దగ్గర ఒక దూలం నిలబెట్టి, దాన్ని ఉత్తర ద్వారానికి మోసినవాడికి పది బంగారు నాణేల పాటి బహుమతి ఇస్తానన్నాడట. ఇంత చిన్న పనికి అంత సొమ్మా అని ఎవరూ నమ్మలేదు. బహుమతిని యాభైకి పెంచాడు. ఒకడు ధైర్యం చేసి మోశాడు. చెప్పిన సొమ్ము అక్కడికక్కడే చేతిలో పెట్టాడు. సర్కారు మాటంటే మాటేనని జనానికి అర్థమయ్యాక చట్టాలు ప్రకటించాడు.

ఆ చట్టాలు కఠినమైనవి. ఇళ్లను ఐదేసి, పదేసి చొప్పున గుంపులు కట్టారు. ఒక ఇంట్లో నేరం జరిగితే పొరుగువాళ్లు ఫిర్యాదు చేయాలి, లేకపోతే వాళ్లకూ శిక్షే. యుద్ధంలో నరికిన శత్రువుల తలల లెక్కను బట్టి హోదా, భూమి దక్కేవి. రాజబంధువైనా సరే, యుద్ధంలో పనికిరాకపోతే హోదా లేదు. యువరాజు తప్పు చేసినప్పుడు అతని గురువులకు శిక్ష పడింది. రైతు కొడుకు పైకి రావడానికి మొదటిసారి దారి దొరికింది, ఆ దారి రక్తంతో తడిసిందైనా సరే.

క్రీ.పూ. 338లో రాజు చనిపోయాడు. అదే యువరాజు గద్దెనెక్కాడు. షాంగ్ యాంగ్ పారిపోతూ ఒక సత్రంలో రాత్రి తలదాచుకోబోతే, గుర్తింపు పత్రం లేనివాణ్ణి ఉండనిస్తే షాంగ్ యాంగ్ చట్టం ప్రకారం తనకు శిక్ష పడుతుందని సత్రం యజమాని తలుపు మూశాడని సిమా చియాన్ రాశాడు. తాను తీసిన గోతిలో తానే పడ్డట్టయింది. అతన్ని చంపి శవాన్ని రథాలకు కట్టి చీల్చారు. కానీ అతని చట్టాల్ని మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. అవి రాజ్యానికి అంతగా పనికొచ్చాయి.

ఒకే లిపి, ఒకే తూకం

ఆ చట్టాలతో బలపడ్డ చిన్ రాజ్యం క్రీ.పూ. 230 నుంచి 221 లోపు మిగతా ఆరు రాజ్యాలనూ గెలిచింది. మన దగ్గర అశోకుడు చనిపోయి అప్పటికి పదేళ్లు దాటిందంతే. గెలిచిన రాజు 'షీ హువాంగ్‌ది', అంటే మొదటి చక్రవర్తి అని బిరుదు పెట్టుకున్నాడు. రాజ్యాన్ని కొడుకులకు పంచిపెట్టాలని కొందరు సలహా ఇస్తే మంత్రి లి సి అడ్డుపడ్డాడు. సామ్రాజ్యాన్ని 36 రాష్ట్రాలుగా, వాటిని జిల్లాలుగా విడగొట్టి, ఎప్పుడైనా బదిలీ చేయగల అధికారుల్ని పెట్టారు. అక్షరాల రూపాలు, తూనికలు, కొలతలు, నాణేలు, చివరికి బండి చక్రాల మధ్య దూరం కూడా దేశమంతా ఒకటే చేశారు.

ఇంకోవైపు నోళ్లు మూయించారు. పాత గ్రంథాలు చూపించి ఇప్పటి పాలనను తప్పుపడుతున్నారని క్రీ.పూ. 213లో లి సి సలహా మీద ప్రజల దగ్గరున్న చరిత్ర, తత్వ గ్రంథాలు తగలబెట్టమని ఫర్మానా వెళ్లింది. వైద్యం, జోస్యం, వ్యవసాయం పుస్తకాలకు మినహాయింపు ఇచ్చారు. మరుసటి ఏడాది 460 మందికి పైగా పండితుల్ని చంపించాడని సిమా చియాన్ రాశాడు. ఈ రెండో ఘటన అలాగే జరిగిందా అని నేటి చరిత్రకారులు కొందరు అనుమానిస్తున్నారు.

ఎద్దు నడుం తగ్గితే దెబ్బలు

చిన్ పాలన గురించి చాలాకాలం దాన్ని తిట్టినవాళ్లు రాసిందే తెలుసు. 1975లో హుబే రాష్ట్రంలోని షుయిహుదిలో ఒక చిన్న అధికారి సమాధి బయటపడింది. అందులో 1,100కు పైగా వెదురు పుల్లలు దొరికాయి. వాటి మీద చిన్ చట్టాలు రాసి ఉన్నాయి.

వాటిని చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఏ ఊళ్లో ఎంత వాన పడింది, ఎంత పంటకు మేలు జరిగింది అన్నది అధికారి రాసి పంపాలి. దున్నే సర్కారీ ఎద్దు నడుం కొలత తగ్గితే, తగ్గిన ప్రతి అంగుళానికీ దాన్ని చూసుకునేవాడికి పది దెబ్బలు. కూలి పనికి పిలిచిన మనుషులు మూడు నుంచి ఐదు రోజులు ఆలస్యమైతే పిలిచిన అధికారికి మందలింపు, ఆరు నుంచి పది రోజులైతే ఒక డాలు ఖరీదు జుర్మానా, ఇంకా దాటితే ఒక కవచం ఖరీదు. వాన వల్ల ఆగిపోతే ఆ పిలుపే రద్దు. ఇది ఉన్మాది రాసిన చట్టం కాదు. ప్రతి చిన్న విషయాన్నీ లెక్కగట్టే గుమాస్తా రాసిన చట్టం.

అయినా ఆ రాజ్యం వాన రోజునే కూలడం మొదలైంది. మొదటి చక్రవర్తి క్రీ.పూ. 210లో చనిపోయాడు. దర్బారులో కుట్ర జరిగి పెద్ద కొడుకు బలయ్యాడు, చిన్నవాడు గద్దెనెక్కాడు. మరుసటి ఏడాది సరిహద్దు కాపలాకు వెళ్తున్న 900 మంది కూలి రైతులు వానలకు దారిలో చిక్కుకుపోయారు. ఆలస్యానికి మరణశిక్ష తప్పదు, తిరగబడినా చావే, అలాంటప్పుడు తిరగబడే చద్దాం అని వాళ్ల నాయకులు చెన్ షెంగ్, వు గువాంగ్ చెప్పారని సిమా చియాన్ కథనం. షుయిహుది నియమం కూలి పనికి సంబంధించింది, సరిహద్దు కాపలాకు వేరే నియమం ఉండి ఉండొచ్చని కొందరంటారు. ఏదేమైనా ఆ మాట విన్న 900 మందీ నమ్మారు. సర్కారు తమను చంపుతుందే తప్ప వినదు అన్న నమ్మకం అంతగా పాతుకుపోయింది. దూలం మోసినవాడికి బహుమతి ఇచ్చి సంపాదించిన విశ్వాసం నూటయాభై ఏళ్లలో ఇలా ఆవిరైపోయింది. తిరుగుబాటు కార్చిచ్చులా వ్యాపించింది. లి సిని అతని సొంత ప్రభుత్వమే క్రీ.పూ. 208లో నడుం దగ్గర నరికించింది.

హాన్ వంశం తీసుకున్న ఊపిరి

హాన్ వంశం స్థాపించిన లియు బాంగ్ రైతు కుటుంబంలో పుట్టి చిన్ సర్కారులోనే చిన్న ఉద్యోగం చేసినవాడు. చిన్ రాజధాని చేతికి రాగానే పాత కఠిన శిక్షలు ఎత్తేస్తున్నానని, హత్యకు మరణం, గాయానికీ దొంగతనానికీ తగిన శిక్ష, ఇంతకుమించి లేదని ప్రకటించి జనం మనసు గెలిచాడు. అదే రోజుల్లో అతని సహచరుడు షియావ్ హ బంగారం వైపు చూడకుండా చిన్ కచేరీల్లోని చట్టాలు, పటాలు, జనాభా లెక్కలు భద్రం చేశాడు. ప్రకటన ఒకటి, ఆచరణ ఇంకొకటి. మూడు మాటల చట్టంతో ఇంత దేశం నడవదని తొందరగానే తెలిసింది. జాంగ్‌జియాషాన్ అనే చోట 1980లలో దొరికిన క్రీ.పూ. 186 నాటి హాన్ చట్టాలు చిన్ చట్టాలకు చాలా దగ్గరగా ఉన్నాయి. చింత చచ్చినా పులుపు చావలేదు.

తేడా అంతా అమలులో వచ్చింది. గుర్రం మీద రాజ్యం గెలవొచ్చు కానీ గుర్రం మీదే కూర్చుని ఏలలేమని లు జియా అనే పండితుడు లియు బాంగ్‌కు నచ్చజెప్పాడంటారు. తర్వాతి అరవై డెబ్బై ఏళ్లు దర్బారులో 'హువాంగ్-లావో' ఆలోచనదే పైచేయి. తావో మార్గపు నిదానాన్ని, చట్టవాదుల క్రమాన్ని కలిపిన బాట అది. యుద్ధాలు తగ్గించారు. పంటలో పదిహేనో వంతు ఉన్న భూమి శిస్తును ముప్పయ్యో వంతుకు దించారు. దెబ్బతిన్న దేశం కోలుకుంది. 1973లో మావాంగ్‌దుయిలో తవ్విన క్రీ.పూ. 168 నాటి సమాధిలో పట్టు గుడ్డ మీద రాసిన లావోజి గ్రంథం, హువాంగ్-లావో రచనలు దొరకడం ఆ కాలపు పెద్దింటి వాళ్లు ఏం చదివేవాళ్లో చూపిస్తోంది.

ఒక కూతురి అర్జీ

ఆ కాలంలోని ఒక ఘటన చైనా పిల్లలకు ఇప్పటికీ చెబుతారు. క్రీ.పూ. 167లో చున్‌యు యీ అనే వైద్యుడికి అంగవిచ్ఛేద శిక్ష పడింది. అతనికి ఐదుగురు కూతుళ్లు, కొడుకుల్లేరు. ఆపదలో ఆడపిల్లలు దేనికి పనికొస్తారని అతను విసుక్కున్నాడు. చిన్న కూతురు తియింగ్ తండ్రి వెంట రాజధాని చాంగాన్ వెళ్లి చక్రవర్తి వెన్‌కు అర్జీ పెట్టుకుంది. చచ్చినవాడు తిరిగి రాడు, తెగిన అవయవం మళ్లీ అతకదు, తప్పు చేసినవాడు మారాలనుకున్నా దారి ఉండదు, తండ్రి బదులు తాను సర్కారుకు బానిసగా ఉంటానన్నది ఆ అర్జీ సారాంశం. చక్రవర్తి మనసు కరిగింది. ముఖం మీద పచ్చబొట్టు పొడవడం, ముక్కు కోయడం, పాదం నరకడం లాంటి శిక్షల్ని రద్దు చేశాడు.

వాటి బదులు 300, 500 బెత్తం దెబ్బలు పెట్టారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ దెబ్బలకు చాలామంది ప్రాణాలే పోయాయి. తర్వాతి చక్రవర్తి జింగ్ రెండు విడతల్లో ఆ దెబ్బల్ని 100, 200కు తగ్గించాడు. దయ ఉంటే చాలదు, అది అమలయ్యే తీరు కూడా చూసుకోవాలని హాన్ పాలకులు నేర్చుకున్న పాఠం ఇది.

పైకి కన్ఫ్యూషియస్, లోపల చట్టం

క్రీ.పూ. 141లో గద్దెనెక్కిన వు చక్రవర్తి దారి మార్చాడు. దోంగ్ జోంగ్‌షు లాంటి పండితుల ప్రభావంతో కన్ఫ్యూషియస్ బోధనకు రాజముద్ర పడింది. క్రీ.పూ. 136లో ఐదు ప్రాచీన గ్రంథాలకు సర్కారీ ఆచార్యుల్ని నియమించారు. క్రీ.పూ. 124లో 50 మంది విద్యార్థులతో రాజధానిలో విద్యాలయం మొదలైంది. తల్లిదండ్రుల్ని చూసుకునేవాళ్లు, లంచం ముట్టనివాళ్లు ఎవరో చూసి రాష్ట్రాల నుంచి కొలువుకు సిఫారసు చేయమన్నారు. భూకంపం, కరువు, గ్రహణం లాంటివి పాలకుడి తప్పులకు ఆకాశం చేసే హెచ్చరికలని దోంగ్ చెప్పాడు. చక్రవర్తిని నేరుగా తప్పుపట్టలేని అధికారికి దీంతో నోరు తెరిచే సాకు దొరికింది.

కానీ అదే వు చక్రవర్తి ఉత్తరాన షియోంగ్నులతో ఏళ్ల తరబడి యుద్ధాలు చేశాడు. ఖజానా నింపడానికి ఉప్పు, ఇనుము వ్యాపారాల్ని సర్కారు గుత్తాధిపత్యం కిందికి తెచ్చాడు. ఓడిపోయిన సేనాని లి లింగ్ పక్షాన మాట్లాడినందుకు చరిత్రకారుడు సిమా చియాన్‌కు బీజచ్ఛేదం చేయించాడు. ఆ అవమానం మోస్తూనే ఆయన తన చరిత్ర గ్రంథం పూర్తి చేశాడు.

వు చనిపోయాక క్రీ.పూ. 81లో దర్బారులో ఒక పెద్ద చర్చ పెట్టారు. పల్లెల నుంచి వచ్చిన కన్ఫ్యూషియన్ పండితులు ఒకవైపు, మంత్రి సాంగ్ హోంగ్‌యాంగ్ మరోవైపు. సర్కారు చేసే ఇనుప పనిముట్లు నాసిరకం, ధర ఎక్కువ, రైతుతో సర్కారు లాభానికి పోటీ పడకూడదన్నది పండితుల మాట. సరిహద్దు కాపలాకు డబ్బు ఎక్కడిది అన్నది మంత్రి ప్రశ్న. చివరికి ఉప్పు, ఇనుము సర్కారు చేతిలోనే ఉండిపోయాయి. ఆ వాదనల ఆధారంగా హువాన్ కువాన్ రాసిన గ్రంథం ఇప్పటికీ ఉంది.

కొన్నేళ్లకు షువాన్ చక్రవర్తితో (క్రీ.పూ. 74–48) అతని కొడుకు, శిక్షలు ఎక్కువయ్యాయి, కన్ఫ్యూషియన్ పండితుల్ని నియమించండి అన్నాడు. నీతి, బలం రెండూ కలిపి వాడటమే హాన్ ఇంటి పద్ధతి అని తండ్రి మండిపడ్డాడు. దర్బారు గోడల మధ్య అయినా దాపరికం లేకుండా ఒప్పుకున్న మాట అది.

తర్వాత ఏం మిగిలింది?

హాన్ ఏర్పాటు చేసిన ఈ కలగూర పద్ధతే తర్వాతి వంశాలకు నమూనా అయింది. గ్రంథాలు చదివి పరీక్ష రాసి కొలువు సంపాదించే పద్ధతి సుయి వంశ కాలంలో మొదలై 1905 దాకా నడిచింది.

ఈ కథకు ఇస్లాంతోనూ ఒక ముడి ఉంది. తాంగ్ వంశ కాలంలో వ్యాపారుల ద్వారా చైనా చేరిన ముస్లింలు శతాబ్దాల పాటు ఈ కన్ఫ్యూషియన్ సమాజంలోనే బతికారు. 17, 18 శతాబ్దాల్లో వాంగ్ దాయ్‌యు, లియు జీ లాంటి చైనా ముస్లిం పండితులు తౌహీద్, నమాజ్, జకాత్ గురించి చైనా ప్రాచీన గ్రంథాల భాషలోనే రాశారు. ఆ రచనలన్నిటినీ కలిపి 'హాన్ కితాబ్' అంటారు. తండ్రి–కొడుకు, భార్య–భర్త, స్నేహితుల మధ్య బాధ్యతల గురించి కన్ఫ్యూషియస్ వారసులు చెప్పినదానికీ తమ దీన్‌కూ విరోధం లేదని లియు జీ వాదించాడు. చైనీస్ తప్ప వేరే భాష రాని ముస్లిం ఇళ్లకు దీన్ అలా చేరింది.

చిన్ వంశం వేసిన జిల్లాలు, లెక్కలు, చట్టాలు లేకపోతే హాన్ వంశానికి నిలబడే పునాది ఉండేది కాదు. తావో మార్గం ఆ ప్రజలకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇచ్చింది. కన్ఫ్యూషియస్ బోధన పాలకుడిని నీ నడవడి ఏంటని అడిగే హక్కును కొద్దిగానైనా నిలబెట్టింది. చిన్ కాలంలో ఆలస్యమైన రైతులు తమ మాట వినేవాడు లేడనుకుని కర్రలు పట్టుకున్నారు. నలభై ఏళ్ల తర్వాత ఒక వైద్యుడి కూతురు, వింటాడేమోనన్న ఆశతో అర్జీ పట్టుకుని చాంగాన్ వెళ్లింది. పదిహేనేళ్లకూ నాలుగు వందల ఏళ్లకూ ఉన్న తేడా చాలావరకు అక్కడే ఉంది.